ఫోర్‌వీల్ బాక్స్ కొనే ముందు వెనక క్రౌన్ పళ్లు లెక్కపెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

పదిహేనేళ్లు దాటిన బండ్లను తుక్కుకు పంపడం గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. పొగ గురించి, ఫిట్‌నెస్ గురించి రాస్తున్నారు, రాయాల్సిందే. కానీ మా వైపు అడవి అంచు ఊళ్లలో ఇప్పటికీ రోజూ పనిచేస్తున్న పాత ఫోర్‌వీల్ జీపుల సంగతి ఎవరూ రాయడం లేదు. అచ్చంపేటలో నాకు జీపుల షెడ్డు ఉంది. మా మేనమామ దగ్గర పానాలు అందిస్తూ పని నేర్చుకున్నాను, ఆయన తర్వాత షెడ్డు నేనే చూసుకుంటున్నాను. ఈ మధ్య నా కళ్ల ముందు జరుగుతున్నది చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోర్‌వీల్ బాక్స్ పోయిందని జనం బాక్స్ మీద బాక్స్ కొంటున్నారు. నా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటికి రోగం ఆ బాక్స్‌లో లేదు, వెనక ఇరుసులో ఉంది. ఆ మాట అమ్మేవాళ్లు చెప్పరు, బిగించేవాళ్లు చూడరు. డబ్బు మాత్రం రైతుది పోతోంది.

ఈ ఫోర్‌వీల్ బాక్స్‌ను కంపెనీ పుస్తకాల్లో ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. ఇంజన్ శక్తి గేర్ బాక్స్ దాటాక ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ పంచిపెట్టేది ఇదే. 1940ల చివర్లో బొంబాయిలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టినప్పుడు ఏ బాక్స్ వచ్చిందో, ఆ తర్వాత దశాబ్దాల పాటు మన జీపుల్లో ఆ వంశం బాక్సే నడిచింది. అందుకే సామాను ఇంకా దొరుకుతుంది. దొరుకుతుంది కాబట్టే, చూడకుండా కొనడం కూడా ఎక్కువైంది.

అమ్రాబాద్, పదర, లింగాల, కొల్లాపూర్ వైపు, అటు దేవరకొండ దాటి చందంపేట వైపు వెళ్లి చూడండి. చెలకల్లోంచి పల్లికాయ బస్తాలు రోడ్డెక్కాలన్నా, బోరు మోటారు పాడైతే తీసుకురావాలన్నా, రాత్రిపూట కాన్పు నొప్పులు మొదలైన మనిషిని అడవిలోని చెంచుల పెంట (చిన్న గూడెం) నుంచి ఆస్పత్రికి చేర్చాలన్నా వానాకాలంలో చాలాచోట్ల ఇంకా జీపే దిక్కు. కొత్త ఫోర్‌వీల్ బండి కొనే స్తోమత వీళ్లలో ఎంతమందికి ఉంటుంది? ఉన్న బండిని కాపాడుకోవడమే వాళ్లకున్న దారి. కాబట్టి అందులో వేసే ప్రతి సామానూ సరైనదై ఉండాలి.

ఒక బండి సంగతి చెబుతాను. పదర మండలం నుంచి ఒక రైతు, ఆయన కొడుకు జీపును ట్రాక్టరుకు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చారు. "అన్నా, మల్ల పోయింది" అన్నాడు పెద్దాయన, దిగుతూనే. అది రెండో బాక్స్. మొదటిది పోతే నగరంలో పాత సామాన్ల దుకాణంలో ఇంకొకటి కొన్నారు, వేరే చోట బిగించుకున్నారు. పల్లికాయ అమ్మిన డబ్బు అందులోకే పోయింది. వానలు పడి చేలో బండి దిగబడినప్పుడు ఫోర్‌వీల్ వేశారు. బురదలోంచి బయటపడి తారు రోడ్డు ఎక్కారు. ఆ తర్వాత లివర్ వెనక్కి రాలేదు. బండి బిగుసుకుపోయినట్టు నడిచి, మలుపు దగ్గర ఠప్‌మని చప్పుడైంది.

బాక్స్ దించి విప్పాం. అందులో మధ్య గేరు ఒకటి ఉంటుంది. గేర్ బాక్స్ నుంచి వచ్చే తిప్పుడును కింది షాఫ్టుకు అందించేది అదే. నూనె లేక పోయిన బాక్స్‌లో మొదట దెబ్బతినేది ఆ గేరూ, దాని లోపల ఉండే సూదుల్లాంటి రోలర్లే. ఈ బండిలో ఆ గేరు చక్కగా ఉంది. రోలర్లు మెరుస్తున్నాయి, షాఫ్టు మీద గీత కూడా లేదు. విరిగింది ఇంకొకటి. ముందు షాఫ్టునూ వెనక షాఫ్టునూ కలిపి పట్టుకునే స్లైడింగ్ గేరు పళ్లు ఒకవైపు చిట్లిపోయి, ముక్కలు అడుగున నూనెలో ఉన్నాయి. వాళ్ల జీపులోనే పడి ఉన్న మొదటి బాక్స్ కూడా తెమ్మని విప్పి చూశాను. అదే గేరు, అలాగే విరిగింది.

నూనె తక్కువైతే మధ్య గేరు అరుగుతుంది. ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదానితో ఒకటి కొట్లాడితే ఈ స్లైడింగ్ గేరు విరుగుతుంది. విప్పిన ప్రతి మెకానిక్కూ ఈ తేడా తెలియాలి. తెలిస్తే మూడో బాక్స్ కొనమని ఎవరూ చెప్పరు.

పెద్దాయన్ని అడిగాను, వెనక ఇరుసు ఎప్పుడైనా మార్చారా అని. ఆయన ఆలోచనలో పడ్డాడు. కొడుకు చెప్పాడు: వెనక హౌసింగు, అంటే ఇరుసు గేర్లు ఉండే డొప్ప, గోల పెడుతోందని వేరే దుకాణంలో మొత్తం హౌసింగే తెచ్చి వేయించారట. "ఇది వేస్తే మైలేజీ పెరుగుతది, స్పీడు పెరుగుతది" అని దుకాణదారుడు అన్నాడట. నిజంగానే రెండూ పెరిగాయట. ముందు ఇరుసు కూడా దానికి సరిపోవాలన్న మాట మాత్రం అక్కడ ఎవరూ అనలేదు.

అప్పుడు ఆ అబ్బాయి చేతికే సుద్దముక్క ఇచ్చాను. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాం. ఈ పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద ఉండదు, ఫోర్‌వీల్ బాక్స్ వెనక డ్రమ్ము మీద ఉంటుంది. బాక్స్ దించితే హ్యాండ్ బ్రేకు కూడా దిగిపోయినట్టే. బాక్స్ నుంచి ఇరుసుకు తిప్పుడును తీసుకెళ్లే వెనక ప్రొపెల్లర్ షాఫ్టు విప్పినా అంతే, బ్రేకు లాగి ఉన్నా బండి జారుతుంది. వాలు మీద ఈ పని చేస్తూ రాళ్లు పెట్టడం మరిచిపోతే మనిషి బతకడు. ఇది రాసినందుకు ఎవరైనా విసుక్కున్నా ఫర్వాలేదు.

వెనక ఒక చక్రం జాకీతో లేపాం. ఇంకోటి నేలమీదే ఉంది. లేపిన టైరు మీద ఒక గీత, ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఒక గీత గీయించాను. టైరును చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పి, ఆలోగా షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టమన్నాను. ఒక చక్రం నేలమీద ఆగి ఉంది కాబట్టి లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితే లోపలి క్రౌన్, అంటే ఇరుసులో ఉండే పెద్ద పళ్ల చక్రం, ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుకే రెండు. అబ్బాయి కింద పడుకుని గట్టిగా లెక్కపెట్టాడు. నాలుగు చుట్లు, మీద పావు కంటే కొంచెం ఎక్కువ. తర్వాత వెనక చక్రాలకు రాళ్లు మార్చి, ముందు హబ్బులు లాక్ చేసి ముందు ఇరుసుకు అదే లెక్క చేశాం. అయిదు చుట్లు దాటి, ఇంకా మూడో వంతు పైన. అబ్బాయి బయటికి వచ్చి వాళ్ల నాయన ముఖం చూశాడు. ఇక నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

హౌసింగు మూత తీసి చూస్తే ముందు క్రౌన్ మీద 43, 8 అని కొట్టి ఉంది. అంటే క్రౌన్‌కు 43 పళ్లు, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కు 8 పళ్లు, రేషియో 5.38. పాత జీపుల్లో చాలా ఎక్కువగా వచ్చిన జత ఇది. వెనకది 47, 11. రేషియో 4.27. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా ముందు షాఫ్టుకు వెనక షాఫ్టు కంటే ఒక చుట్టుకు పైగా ఎక్కువ కావాలి. టూవీల్‌లో నడిపినన్నాళ్లూ ఈ తేడా తెలియదు, ముందు షాఫ్టు దాని మానాన అది తిరుగుతుంది. ఫోర్‌వీల్ వేయగానే బాక్స్ రెండు షాఫ్టులనూ ఒకే వేగానికి కట్టేస్తుంది. బరువెద్దును, లేగను ఒకే కాడికి కట్టి మెడలు విరుస్తున్నట్టే. బురదలో చక్రాలు జారుతాయి కాబట్టి కొంతసేపు ఓర్చుకుంటుంది. తారు మీద జారవు. ఎక్కడో ఒకచోట విరగాల్సిందే: స్లైడింగ్ గేరు గానీ, షాఫ్టు కీలులో ఉండే యూజే క్రాస్ గానీ, ముందు ఇరుసు లోపల చక్రాన్ని తిప్పే యాక్సిల్ కడ్డీ గానీ.

ఇక్కడ ఇంకో గందరగోళం కూడా తేల్చాలి. కొందరు డ్రైవర్లు "వేరే రేషియో బాక్స్ వేశారు, అందుకే విరిగింది" అంటారు. బాక్స్ లోపలి లో గేరు రేషియో మారితే ముందూ వెనకా కొట్లాడవు, ఎందుకంటే రెండు షాఫ్టులూ దాని తర్వాతే మొదలవుతాయి. పాత జీపు బాక్స్‌లో లో గేరు రేషియో 2.46. అది మారితే లాగుడు మారుతుంది, ఇంజన్ తిరుగుడు మారుతుంది, అంతే. మారుతి జిప్సీల్లో కూడా పాత 1000 సీసీ బండి బాక్స్, 1996 తర్వాత వచ్చిన 1300 సీసీ కింగ్ బాక్స్ పైకి ఒకేలా కనిపిస్తాయి, లోపలి పళ్లు వేరు. అక్కడ బాక్స్ గేర్ బాక్స్‌కు అతుక్కుని ఉండదు, చిన్న షాఫ్టుతో విడిగా వేలాడుతుంది, రబ్బరు మౌంటింగుల మీద. అవి పగిలినా బాక్స్ పోయిందన్నట్టే మోత వస్తుంది. మూడు రబ్బర్లు మార్చాల్సిన చోట బాక్స్ మార్పించిన వాళ్లను చూశాను.

జీపు బాక్స్ మార్చే పద్ధతి గురించి కుర్ర మెకానిక్‌లకు రెండు మాటలు చెప్పాలి. బాక్స్ ఒక్కటే వెనక్కి లాగితే గేర్ బాక్స్ మెయిన్ షాఫ్టు దాంతోపాటే జరిగి వస్తుంది. ఏమాత్రం వచ్చినా లోపల గేర్లు మెత్తగా పడేలా చేసే సింక్రో ముక్కలు ఊడిపడతాయి, అప్పుడు గేర్ బాక్స్ కూడా విప్పాల్సిందే. చోటు ఉంటే రెండూ కలిపి దించి, బల్ల మీద విడదీయడం మేలు. మధ్య గేరు షాఫ్టు తీసేటప్పుడు రోలర్లు విడిగా రాలిపోతాయి, గ్రీజుతో అతికించి కూర్చోబెట్టాలి. రెండు వైపులా వాషర్లు అరిగి ఉంటే పాతవే తిరగేసి వేయొద్దు. లివర్ల మధ్య ఒక చిన్న పిన్ను ఉంటుంది. ఫోర్‌వీల్ వేయకుండా లో గేరు పడకుండా ఆపేది అదే. "టూవీల్‌లో లో గేరు కావాలి" అని కొందరు ఓనర్లు దాన్ని తీసేయమంటారు. లో గేరు బలమంతా ఒక్క వెనక ఇరుసు మీద పడుతుంది, బస్తాలతో ఎక్కుతున్నప్పుడు యాక్సిల్ తెగితే బండి వెనక్కే వస్తుంది. నేను తీయను, మీరూ తీయకండి. పాత బండ్లలో బాక్స్‌కూ గేర్ బాక్స్‌కూ మధ్య నూనె అటూ ఇటూ పారుతుంది కాబట్టి రెండింటి లెవెలూ చూడాలి, ఒక్కటి చూసి మూత బిగించొద్దు.

సెకండ్ హ్యాండ్ బాక్స్ కొనేటప్పుడు అసలు అది మన బండి ఇరుసుకు కుదురుతుందా అన్నది కూడా ఒకటుంది. పాత జీపు బాక్స్‌లో వెనక షాఫ్టు ఒక పక్క నుంచి బయటికి వస్తుంది, అందుకే ఆ జీపుల వెనక హౌసింగు గుండు కూడా మధ్యలో కాకుండా పక్కకు ఉంటుంది. షాఫ్టు మధ్యలోంచి వచ్చే బాక్స్ తెచ్చి ఇక్కడ పెడితే ప్రొపెల్లర్ షాఫ్టు వంకరగా నడిచి క్రాసులు నెలలు కూడా ఉండవు. దుకాణంలో నేలమీద పడుకోబెట్టి ఉన్నప్పుడు ఇవన్నీ ఒకేలాగా ఉంటాయి, దుమ్మూ నూనె పట్టి.

ఆ పదర బండి సంగతి ఎట్లా తేలిందంటే, రెండు దారులు చెప్పాను. ముందు క్రౌన్ కూడా 47, 11కు మార్చడం ఒకటి, వెనక మళ్లీ 43, 8 వేయడం ఒకటి. ఆయనది చేలల్లో, గుట్ట దారుల్లో తిరిగే బండి. రోడ్డు మీద స్పీడు తగ్గినా సరే, లాగుడే కావాలన్నాడు. నాకూ అదే సరైనదనిపించింది. 43, 8 వెనక జత దొరికేదాకా ముందు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి బండిలోనే పెట్టి, టూవీల్ మీద నడుపుకోమన్నాను. జత దొరికింది. అంతకుముందే రెండు పాత బాక్సుల్లోంచి మంచి మధ్య గేరు, మంచి బాడీ తీసుకుని, స్లైడింగ్ గేరు ఒక్కటి కొత్తది వేసి ఒక బాక్స్ తయారు చేశాం. మూడోది కొనలేదు. ఇప్పుడా బండి తిరుగుతోంది. తారు ఎక్కగానే ఫోర్‌వీల్ తీసేయమని, తీసేటప్పుడు లివర్ బిగుసుకుంటే కొంచెం రివర్స్ పోనిచ్చి తీయమని చెప్పి పంపాను. ముందూ వెనకా టైర్లు ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుడు ఉండాలని కూడా. వెనక రెండు కొత్తవి వేసి ముందు నున్నవి ఉంచితే అదీ చిన్నపాటి రేషియో తేడానే. ఈ జీపులకు ముందు వెనకల మధ్య తేడాను మింగే డిఫరెన్షియల్ లేదు. మన్ననూర్ నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు మొత్తం భద్రత అనుకుని ఫోర్‌వీల్‌లోనే దిగే డ్రైవర్లకు ఇది ఎవరో ఒకరు చెప్పాలి.

ఇక మీ పత్రిక ద్వారా అడగదలచుకున్నది. పాత ఇరుసులు, బాక్సులు అమ్మే దుకాణాలు కాగితం ముక్క ఇవ్వకుండా అమ్ముతున్నాయి. "అన్నా, సేమ్ టు సేమ్" అన్న మాటే బిల్లు. నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏ బండి నుంచి తీసింది, క్రౌన్ పళ్లెన్ని, పినియన్ పళ్లెన్ని, ఈ మూడు సంగతులు రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. మూత తీసి చూస్తే నిమిషాల పని. రాసి ఇవ్వని చోట కొనొద్దని రైతులకు చెబుతున్నాను. ట్రేడ్ యూనియన్లూ, రవాణా శాఖవాళ్లూ కూడా చెబితే దుకాణాలు దారికొస్తాయి. ఇంజన్ మారిస్తే ఆర్‌సీలో ఎక్కించాలని అందరికీ తెలుసు. ఇరుసు రేషియో మారితే బండి నడకే మారుతుంది, అది మాత్రం ఎక్కడా రాసి ఉండదు. తర్వాత కొనుక్కునే మనిషికి ఎట్లా తెలుస్తుంది?

రెండోది ఐటీఐల గురించి. మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడులో చేరిన మా ఊరి పిల్లలు కొందరు సెలవుల్లో నా దగ్గరికి వస్తారు. చురుకైన పిల్లలు. స్కానర్ పట్టుకుని సెన్సార్ల తప్పులు చదవగలరు, నాకే నేర్పుతారు. కానీ ఫోర్‌వీల్ బాక్స్ చేత్తో పట్టుకున్నవాళ్లు వాళ్లలో లేరు. ఐటీఐలో విప్పి చూడడానికి బాక్స్ లేదంటున్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ బండ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించకూడదన్న నిబంధన వచ్చింది. వాటిలో ఫోర్‌వీల్ జీపులు, జిప్సీలు ఉన్నాయి. అవన్నీ తుక్కుకు వెళ్లిపోతున్నాయి. బండి రోడ్డెక్కకూడదు, ఒప్పుకుంటాను. దాని గేర్ బాక్స్, ఫోర్‌వీల్ బాక్స్, రెండు ఇరుసులు మాత్రం కరగబెట్టే లోపు ఒక్కో జత నాగర్‌కర్నూల్, వనపర్తి, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల ఐటీఐలకు నేర్పడానికి ఇప్పించవచ్చు కదా. స్టాండు మీద బిగించి, ఒక పక్క బాడీ కోసి లోపల పళ్లు కనిపించేలా పెడితే, పుస్తకంలో నెలంతా చదివినా ఎక్కనిది ఒక పూటలో ఎక్కుతుంది. దీనికి ఖర్చు లేదు, కలెక్టర్ల నుంచి ఒక ఉత్తరం కావాలి.

అట్లా ఏ ఐటీఐకైనా ఒక పాత బాక్స్, రెండు ఇరుసులు వస్తే, ఆదివారం పూట వెళ్లి పిల్లలతో విప్పించి, పళ్లు లెక్కపెట్టించి, మళ్లీ బిగించి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. జాకీ, పానాలు, సుద్దముక్క నేనే తెచ్చుకుంటాను.

– జీపు మెకానిక్,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా